మంచి రొట్టె పొలములోనే మొదలగును



పెంకమీద జొన్న రొట్టె విరిగినప్పుడు ఇంటిలో మొదట తప్పుపట్టునది దానిని తట్టిన చేతిని. కొత్త కోడలైనచో ఆ మాట మరింత గట్టిగా వినవచ్చును. కాని అదే చేయి వేరొక ఇంటి పిండితో చక్కని రొట్టె చేయుట మీరు చూచియే యుందురు. రొట్టె విరుగుటకు కారణము చాలసార్లు పొయ్యి రాజుటకు నెలల ముందే ఏర్పడి యుండును. ఏ విత్తనము వేసితిమి, కంకి వానలో ఎన్ని దినములు నిలిచినది, గింజ ఎంతవరకు ఎండినది, పిండి ఎన్ని దినముల క్రిందట పట్టించితిమి అను నాలుగు విషయములే రొట్టె గుణమును చాలవరకు నిర్ణయించును. కావున రొట్టెను గూర్చిన ఈ వ్యాసము వంటయింటికి ఎంత సంబంధించినదో పొలమునకును అంత సంబంధించినది.

మన ప్రాంతములో జొన్న ఎందుకు తగ్గినది

మంచిర్యాల జిల్లా 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాదు జిల్లానుండి ఏర్పడినది. గోదావరికి ఉత్తరమున, ప్రాణహితకు పడమట నున్న ఈ ప్రాంతములో వెనుకటి తరముల వారికి జొన్న రొట్టె, జొన్న గట్క, అంబలి నిత్యాహారము. వరి యన్నము పండుగకు, చుట్టములు వచ్చినప్పుడు వండునది. కడెము ప్రాజెక్టు నీరు జన్నారము, దండేపల్లి, లక్షెట్టిపేట మండలములకు పారిన తరువాత అచ్చట వరి విస్తరించినది. ఎత్తు భూములను, నల్లరేగడులను ప్రత్తి ఆక్రమించినది. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చు పథకము ప్రారంభించుటతో పేద యింటిలో కూడ అన్నము రోజువారీ భోజనమైనది. ఆకలి తీరినది, అది గొప్ప మేలు. అయితే ఆ మేలుతోపాటు జొన్న చేను, దాని చొప్ప, దాని రొట్టె క్రమముగా తొలగిపోయినవి.

ఇందులో రైతును నిందింప పనిలేదు. ప్రత్తికి రొక్కము వచ్చును; జొన్నకు చాలకాలము గిట్టుబాటు ధర లేకపోయెను. ఊరంతయు ప్రత్తి వేసినప్పుడు ఒక్కరే జొన్న వేసినచో చుట్టుప్రక్కల పిట్టలన్నియు ఆ ఒక్క చేనిమీదనే వ్రాలును. కాని నేడు ఒక విచిత్రము చూచుచున్నాము. భూమిగల రైతు కుటుంబము పట్టణములో బాటప్రక్కన కాల్చి అమ్ము జొన్న రొట్టెను కొని తెచ్చుకొనుచున్నది. ఆ గింజ ఎక్కడిదో, ఎన్నాళ్ళ పిండియో తెలియదు. ఐదుగురున్న ఇంటికి కావలసిన జొన్న పండించుకొనుటకు ఎంత భూమి కావలెనో ఒకసారి లెక్క చూడుడు.

ఇంటికి ఎన్ని గుంటలు చాలును

ఒక నడితరపు రొట్టెకు సుమారు 100 గ్రాముల పిండి పట్టును. ఐదుగురు మనుషులు పూటకు రెండేసి రొట్టెలు తిన్నచో రోజుకు ఒక కిలో పిండి కావలెను. దినమునకు ఒక పూట చొప్పున సంవత్సరమంతయు రొట్టె తినుటకు 365 కిలోలు సరిపోవును. మెట్టలో ఎకరమునకు 6 క్వింటాళ్ళు మాత్రమే పండెననుకొన్నను, గుంటకు 15 కిలోలు వచ్చినట్లు. అనగా 25 గుంటలలో ఏడాదికి సరిపడు రొట్టె ధాన్యము వచ్చును. చలికాలపు ఐదు నెలలు మాత్రమే రొట్టె తినువారికి 10 గుంటలు చాలును. ఐదెకరముల ప్రత్తి రైతునకు ఇది పెద్ద త్యాగము కాదు. పైగా పశువులకు చొప్ప అదనపు లాభము.

పిట్టల బెడదకు ఉపాయమేమనగా, నలుగురైదుగురు రైతులు కూడబలుక్కొని ప్రక్కప్రక్కనే ఒక తునకగా, ఒకే వారములో విత్తుట. నష్టము అందరికి పంచుకొనబడి తగ్గును. కావలి కూడ వంతులవారీగా సాగును.

రొట్టెకు తగిన జొన్న

రొట్టెకు గింజ గట్టిగా, మెరుపుగా, మచ్చలు లేకుండ నుండవలెను. యాసంగిలో పండు జొన్న వానలు వెడలిన పిదప, పొడి గాలిలో పక్వమగును గనుక దాని గింజ శుభ్రముగా నుండి రొట్టెకు శ్రేష్ఠమైనది. మాల్దండి అని పేరుగన్న ఎం. 35-1 రకము ఇందుకు ప్రసిద్ధి. తెలంగాణలో పచ్చజొన్న రొట్టె రుచిని మెచ్చువారును చాలమంది కలరు.

వానకాలపు జొన్నకు వచ్చు చిక్కు వేరు. మన పాత దేశవాళీ రకములు పొడవుగా పెరిగి, పగటి పొద్దు తగ్గిన తరువాతనే కంకి వేసి, వానలు వెడలిన పిదప పండెడివి. మన దేశపు మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 1964లో విడుదలైనది. దిగుబడి హెచ్చెను; పంటకాలము తగ్గెను. కాని త్వరగా పండుటవలన కంకి సెప్టెంబరు వానలలో తడిసి, గింజకు బూజు పట్టుట ఎక్కువయ్యెను. సంకర జొన్న రొట్టె రుచించదను మాటకు ఇది ఒక ముఖ్య కారణము. రకముయొక్క దోషము కొంత, వానయొక్క దోషము కొంత. తరువాత వచ్చిన రకములు ఈ లోపమును కొంతవరకు సరిదిద్దినను, వానలో నిలిచిన కంకికి బూజు భయము పూర్తిగా తొలగలేదు.

వానకాలములో వేయువారు తొలకరి పడినంతనే, జూలై మొదటి పక్షము దాటకుండ విత్తవలెను. ఆలస్యమైనచో మొవ్వు ఈగ ఎక్కువగా ఆశించును. ఎకరమునకు 3 నుండి 4 కిలోల విత్తనము చాలును. సాళ్ళ నడుమ 45 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 12 నుండి 15 సెంటీమీటర్లు ఉండవలెను. రెండు సాళ్ళు జొన్న, ఒక సాలు కంది వేయుట మంచిది. రొట్టెయు, దానితో తిను పప్పును ఒకే చేనినుండి వచ్చును. నల్లరేగడిలో వానకాలమున పెసర వేసి, అది తీసిన తరువాత నేలలో నిలిచిన తేమతో యాసంగి జొన్న వేయువారికి రొట్టె గింజ మరింత నాణ్యముగా దొరకును. విత్తనమును గూర్చి బెల్లంపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రమువారిని ముందుగా విచారింపుడు.

కోత, ఎండబెట్టుట

గింజ పూర్తిగా పాలు పోసికొని గట్టిపడిన తరువాత, దాని అడుగున, కంకికి అంటుకొని యుండు చోట, ఒక నల్లని చుక్క కనబడును. ఆ చుక్క కనబడినదనగా గింజ ఇక పెరుగదని అర్థము. అప్పుడు గింజలో రమారమి 30 శాతము తేమ యుండును. ఆకాశము పొడిగా నున్నచో మరికొన్ని దినములు ఆగవచ్చును. మబ్బు పట్టియున్నచో ఆగక కంకులు కోసి, వసారాలోనో, టార్పాలిను నీడలోనో పలుచగా పరచి, ఎండ వచ్చినంతనే ఎండబెట్టవలెను. వానలో నాలుగు దినములు నిలిచిన కంకికంటె ముందుగా కోసిన కంకి మేలు.

గింజలో తేమ 12 శాతము మించరాదు. దీనికి యంత్రము లేకున్నను ఒక గింజను పంటి నడుమ పెట్టి కొరికి చూడుడు. పటుక్కున చిట్లినచో ఎండినది. మెత్తగా నలిగినచో మరల ఎండబెట్టవలెను. తారు రోడ్డుమీద ఎండబెట్టుట మానుకొనుడు. ఇసుక, ధూళి, బండ్ల నూనె గింజకు అంటును. ఆ ఇసుకయే తరువాత రొట్టెలో పంటి క్రింద తగులును.

బూజు పట్టిన గింజను కడిగి, ఎండబెట్టి, పిండి పట్టించి వాడవచ్చునని కొందరు అనుకొందురు. ఇది ప్రమాదకరము. 1995లో దక్కను పీఠభూమిలోని 27 గ్రామములలో వానకు తడిసి బూజు పట్టిన జొన్నలను, మక్కలను తిన్న కుటుంబములవారు కడుపునొప్పి, విరేచనములతో బాధపడిరి. ఆ ధాన్యములో ఫ్యుమోనిసిన్ అను బూజు విషము ఉన్నట్లు పరీక్షలలో తేలినది. పెంక వేడికి ఇట్టి విషములు పూర్తిగా నశింపవు. నల్లబడిన, గులాబి రంగు బూజు పట్టిన గింజలను ఏరివేయుడు. ధాన్యమంతయు అట్లే యున్నచో తినుటకు వాడకుడు.

నిల్వలో చూడవలసినవి

ఎండిన గింజను చల్లారిన తరువాతనే నింపవలెను. వేడిగా నుండగా నింపినచో లోపల చెమ్మ పట్టును. గుమ్మియైనను, డ్రమ్మైనను, సంచియైనను ముందుగా దులిపి, ఎండలో పెట్టి, నేలకు తగులకుండ చెక్కలమీద, గోడకు జానెడు దూరముగా నుంచవలెను. బాగుగా ఎండిన వేపాకు కలుపు పాత అలవాటు మంచిదే. నెలకొకసారి తెరచి చూచుట అన్నిటికంటె మంచిది.

ఇచ్చట మూడు హెచ్చరికలు మరువరాదు. మొదటిది, విత్తుటకు తెచ్చి మిగిలిన విత్తనమును ఎన్నడును మరకు పంపరాదు. దానికి విషపు మందులు పట్టించి యుందురు. ఎర్రని లేక గులాబి రంగు పూత అందుకు గుర్తు. కడిగినను ఆ మందు పోదు. రెండవది, పురుగుమందుల, ఎరువుల సంచులలో తిండిగింజ నింపరాదు. ప్రత్తి పండించు ఇండ్లలో అట్టి సంచులు ఎక్కువగా నుండును గనుక ఈ మాట చెప్పవలసి వచ్చినది. మూడవది, ధాన్యములో వేయు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను మనుషులు నిద్రించు ఇంటిలో వాడరాదు. వానినుండి వెలువడు వాయువు మూసిన గదిలో ప్రాణములు తీయును.

మర పట్టించుట

గింజలోని మొలక భాగములో నూనె కలదు. గింజ గింజగా నున్నంతకాలము అది భద్రముగా నుండును. పిండి కాగానే ఆ నూనె పిండియంతటికి అంటి, గాలి తగిలి, క్రమముగా చెడును. అందువలన నిలువ పిండికి చేదు వాసన, చేదు రుచి వచ్చును. నిలువ పిండి ముద్ద పట్టు గుణమును కూడ కోల్పోవును. కావున నెలకు సరిపడు పిండిని ఒకేసారి పట్టించుట మానుకొని, పది దినములకు సరిపడునంత మాత్రమే పట్టించుడు. మరకు పోవుపని మగవారు తమమీద వేసికొన్నచో ఇది సులభముగా జరుగును.

పిండి మెత్తగా నుండవలెను. మెత్తని పిండి ఎక్కువ నీరు పీల్చి బాగుగా ముద్దకట్టును. బరక పిండి అంచులవద్ద చిట్లును. మిరపకాయలు పట్టిన వెంటనే జొన్న పట్టించరాదు. మరనుండి వచ్చిన పిండి వేడిగా నుండును. దానిని పలుచగా పరచి చల్లార్చి, మూతగల డబ్బాలో పోయవలెను. పిండిని మరీ సన్నని జల్లెడతో జల్లించి తవుడంతయు పారవేసినచో పీచు పదార్థము, ఖనిజములు పోవును.

రొట్టె చేయు విధానము

గోధుమ పిండిని నీటితో తడిపినప్పుడు గ్లూటెన్ అను జిగురు మాంసకృత్తు ఏర్పడి, పిండి సాగును. బ్రెడ్డు పొంగుటకు, చపాతి సాగుటకు అదియే ఆధారము. జొన్నలో ఆ జిగురు లేదు. అందువలన జొన్న ముద్దకు పట్టును మరొక విధముగా సంపాదింపవలెను. వేడినీరు తగిలినప్పుడు పిండిలోని గంజి పదార్థము ఉబ్బి జిగురుగా మారును. ఆ జిగురే రొట్టెను విరుగకుండ పట్టియుంచును. వేడినీటితో పిండి కలుపు మన ఆచారములోని మర్మమిదియే.

కిలో పిండికి ముప్పాతిక లీటరు మొదలు ఒక లీటరు వరకు నీరు పట్టును. గింజనుబట్టి, పిండి మెత్తదనమునుబట్టి ఇది మారును. నీటిలో తగినంత ఉప్పు వేసి తెర్లనిచ్చి, వెడల్పు పళ్ళెములోని పిండి నడుమ గుంట చేసి పోయవలెను. గరిటతో కలిపి ఐదు నిమిషములు మూతపెట్టి, చేయి పట్టగల వేడికి వచ్చిన తరువాత అరచేతి మడమతో గట్టిగా పిసుకవలెను. ఈ పిసుకుటలో తొందర పనికిరాదు. ముద్ద అంచు నొక్కినప్పుడు పగుళ్ళు రాకుండ నున్నచో సిద్ధమైనట్లు. అంతయు ఒకేసారి కలుపక, మూడు నాలుగు రొట్టెలకు సరిపడునంత కలుపుకొనుచు పోవుట మంచిది. చల్లారిన ముద్ద పట్టు తప్పును.

పీటమీద పొడి పిండి చల్లి, ఉండను ఉంచి, ఒక చేతితో అంచు కాచుచు, రెండవ చేతితో తట్టుచు త్రిప్పవలెను. చేయి తిరుగనివారు పలుచని గుడ్డమీదనో, రెండు పాలిథిన్ కాగితముల నడుమనో ఒత్తుకొనవచ్చును; ఇందులో చిన్నతనమేమియు లేదు. పెంక బాగుగా కాగిన తరువాత పొడి పిండి అంటిన ప్రక్క పైకి వచ్చునట్లు రొట్టెను వేసి, వెంటనే తడిగుడ్డతో పైన నీరు రాయవలెను. ఈ నీరు పొడి పిండిని కడిగి, పైపొరను మూసివేయును. తడి ఆరీ ఆరకముందే త్రిప్పి, రెండవ ప్రక్క కాలిన పిదప నిప్పులమీదనో, మంటమీదనో ఒక క్షణము ఉంచినచో లోపలి ఆవిరి బయటికి పోలేక రొట్టెను పొంగించును. పొంగిన రొట్టె లోపలకూడ ఉడికినదని గుర్తు.

లోపములు, కారణములు

రొట్టె తట్టునప్పుడే అంచులు చిట్లుచున్నచో: నీరు చాలలేదు, లేక పిండి బరకగా నున్నది.

ముద్ద ఎంత పిసికినను కలియకున్నచో: పిండి పాతది, లేక వానకు తడిసిన గింజది. కొంత పిండిని ముందుగా నీటిలో జావగా ఉడికించి, అందులో మిగిలిన పిండి కలిపినచో కొంత మేలగును. చేదైన, వాసన వచ్చు పిండిని మాత్రము వాడరాదు.

రొట్టె పొంగకున్నచో: పెంక చాలినంత కాగలేదు, లేక నీరు ఆలస్యముగా రాసితిరి, లేక రొట్టె ఎక్కడనో పగిలినది.

కాల్చిన కొద్దిసేపటికే గట్టిపడినచో: సన్నని సెగమీద ఎక్కువసేపు కాలినది. దించిన రొట్టెలను గుడ్డలో చుట్టి మూతగల గిన్నెలో పెట్టవలెను.

పత్తి ఏరు దినములలో తీరిక ఉండదు. అప్పటికి పనికివచ్చునట్లు, తీరిక దినమున పలుచని రొట్టెలు చేసి, సన్నని సెగమీద అప్పడమువలె గట్టిగా ఎండునట్లు కాల్చి, చల్లార్చి డబ్బాలో పెట్టుకొనవచ్చును. తడి లేకుండ నున్నంతకాలము అవి చెడవు. పప్పులోనో, మజ్జిగలోనో నానవేసి తినవచ్చును.

మక్క రొట్టె

మక్క పిండికి కూడ జిగురు లేదు గనుక పద్ధతి జొన్న రొట్టెదే. మక్క పిండి మరింత బరకగా నుండును. సన్నగా పట్టించి, వేడినీరు పోసి పది నిమిషములు నానబెట్టి, కొంచెము మందముగా చేయవలెను. సన్నగా తరిగిన ఉల్లి ఆకు, మెంతికూర, పచ్చిమిర్చి కలిపినచో రుచియు బలమును హెచ్చును. మెక్సికో దేశపువారు మక్కలను సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టెలు చేయుదురు. మక్కలో బంధింపబడియున్న నియాసిన్ అను విటమిను సున్నమువలన శరీరమునకు అందును. ఆ పద్ధతి ఎరుగక మక్కలమీదనే ఆధారపడిన ఇతర దేశముల పేదలు పెల్లాగ్రా వ్యాధికి లోనైరి.

సర్వపిండి

పొయ్యిమీది గిన్నెయే భట్టీగా పనిచేయు వంటకమిది. కరీంనగరు, వరంగల్లు ప్రాంతములలో సర్వపిండి యనియు, కొన్ని ఊళ్ళలో గిన్నప్ప యనియు పిలుతురు. అర కిలో బియ్యపు పిండిలో గంటసేపు నానిన పిడికెడు శనగపప్పు, రెండు చెంచాల నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, కారము, ఉప్పు కలిపి, నీరు పోసి మెత్తని ముద్ద చేయవలెను. బియ్యపు పిండిలో సగము వరకు జొన్న పిండి కలిపినను బాగుండును.

అడుగు గుండ్రముగా నుండు సర్వకుగాని, మందపాటి గిన్నెకుగాని లోపల నూనె రాసి, ముద్దను అంతటను పలుచగా అద్ది, వ్రేలితో అచ్చటచ్చట రంధ్రములు చేసి, వానిలో రెండేసి చుక్కల నూనె వేయవలెను. మూతపెట్టి సన్నని సెగమీద ఉంచినచో మూత క్రింద నిలిచిన ఆవిరి పైభాగమును ఉడికించును. గిన్నె వేడి అడుగును కరకరలాడునట్లు కాల్చును. అంచులు గిన్నెను విడిచినప్పుడు దించవలెను. వేడి గిన్నెలో రెండవ వాయి అద్దుట కష్టము. రెండు గిన్నెలు పెట్టుకొన్నచో ఒకటి చల్లారులోగా రెండవది కాలును. పల్లీలలో ముడుచుకొన్నవి, బూజు పట్టినవి, చేదైనవి ముందుగా ఏరివేయుట తప్పనిసరి. బూజు పట్టిన పల్లీలలో అఫ్లాటాక్సిన్ అను విషము ఉండవచ్చును.

పిల్లలకు నువ్వుల తీపి బిళ్ళలు

పావు కిలో జొన్న పిండికి 100 గ్రాముల బెల్లము, రెండు చెంచాల నువ్వులు తీసికొనుడు. బెల్లమును ఒక గ్లాసు కంటె కొంచెము తక్కువ నీటిలో కరిగించి, వడగట్టి, మరల తెర్లనిచ్చి, పిండిలో కొద్దికొద్దిగా పోసి కలుపవలెను. కొద్ది నెయ్యి రాసికొని చిన్న చిన్న బిళ్ళలుగా ఒత్తి, రెండు ప్రక్కల నువ్వులు అద్ది, పెంకమీద సన్నని సెగను మూతపెట్టి కాల్చవలెను. మంట పెద్దదైనచో బెల్లము మాడును. ఇప్పపువ్వు దొరకు అటవీ గ్రామములవారు కేసరములు తీసి శుభ్రపరచిన పువ్వును ఉడికించి, నూరి, బెల్లమునకు బదులు కొంత కలుపవచ్చును. బడికి పోవు పిల్లవానికి పొట్లములలో కొను చిరుతిండికంటె ఇవి మేలు.

దేనితో తినవలెను

వంద గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు, 4 మిల్లీగ్రాముల ఇనుము కలవు. అంతే తూకము గల తెల్లబియ్యములో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాములు. ఇనుము ఒక మిల్లీగ్రామునకు లోపే. రొట్టె నెమ్మదిగా జీర్ణమగును. ఆకలి త్వరగా వేయదు. ఇవి చూచి, జొన్న ఒక్కటియే చాలునని తలచుట పొరపాటు.

కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు మారినది. 1969నుండి అది జాతీయ పోషకాహార సంస్థ. అచ్చట డాక్టరు గోపాలన్, ఆయన సహచరులు ఇచ్చటి పేదలలో పెల్లాగ్రా వ్యాధిని పరిశీలించిరి. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి గరుకగుట, విరేచనములు, మనసు స్థిమితము లేకుండుట దీని లక్షణములు. రోగులు ముఖ్యముగా జొన్నపైననే బ్రతుకువారని వారు గమనించి, జొన్నలో లూసిన్ అధికముగా నుండుట ఇందుకు కారణము కావచ్చునని 1960లో ప్రకటించిరి. ఆ కుటుంబముల పళ్ళెములో రొట్టె, కారము తప్ప వేరు లేకుండెను. పప్పు, పాలు, మజ్జిగ, గ్రుడ్డు, ఆకుకూర వీనిలో రెండైనను రొట్టెకు తోడైనచో ఆ భయము లేదు. జొన్నలో తక్కువగా నుండు లైసిన్ పప్పులో సమృద్ధిగా కలదు. రొట్టెతోపాటు నిమ్మరసము పిండిన ఉల్లిగడ్డగాని, టమాట పచ్చడిగాని తిన్నచో ఇనుము బాగుగా వంటబట్టును. రొట్టె తిన్న వెంటనే టీ త్రాగినచో ఇనుము వంటబట్టుట తగ్గును, గంట ఆగుడు.

ఈ సంవత్సరము చేయవలసినవి

1. ఇంటి ఖర్చుకు 10 నుండి 25 గుంటల జొన్న వేయుడు. ప్రక్క రైతులతో కలిసి ఒకే చోట, ఒకే వారములో విత్తుడు.

2. రొట్టెకు వీలైనచో యాసంగి జొన్న వేయుడు. వానకాలపు జొన్నను నల్ల చుక్క చూచి, ఆకాశము చూచి కోయుడు.

3. పంటితో కొరికి చూచిన తరువాతనే నింపుడు.

4. బూజు గింజ, మందు పట్టించిన విత్తనము ఎట్టి పరిస్థితులలోను మరకు పంపకుడు.

5. పిండిని పది దినములకు సరిపడ మాత్రమే పట్టించుడు.

6. వేడినీటితో కలిపి, ఓపికగా పిసికి, కాగిన పెంకమీద కాల్చుడు.

7. పప్పు, ఆకుకూర, మజ్జిగలు లేని రొట్టె సంపూర్ణాహారము కాదని మరువకుడు.

వీనిలో మొదటి నాలుగును పొలములోను, కల్లములోను, కొట్టులోను జరుగు పనులు. చాల ఇండ్లలో అవి మగవారి చేతిలో నున్నవి. ఐదవది మరకు పోవు పని. అవి సరిగా జరిగినచో ఆరవది సులభమగును. ఇకమీదట పెంకమీద రొట్టె విరిగినప్పుడు, దానిని తట్టిన చేతిని ప్రశ్నించుటకు ముందు, గుమ్మిలోని గింజను ఒకటి తీసి కొరికి చూడుడు.